వాలెట్ యాప్‌లో ఆ ‘మేనేజ్ క్రిప్టో’ పేజీకి నేనిచ్చేది మూడు స్టార్లే

ముందే చెప్పేస్తున్నా, కాయిన్లు కొనండనో అమ్మండనో చెప్పే రివ్యూ కాదిది. నా ఫోన్‌లో ఉన్న వాలెట్ యాప్‌లో ఒకే ఒక్క పేజీ గురించి రాస్తున్నాను. మొదటి స్క్రీన్ మీద ఏ క్రిప్టోలు కనిపించాలి, ఏవి కనిపించకూడదు అని మనం సెట్ చేసుకునే పేజీ. కొన్ని యాప్‌లలో దాన్ని ‘మేనేజ్ క్రిప్టో’ అంటారు, కొన్నిట్లో ‘మేనేజ్ టోకెన్స్’. నా యాప్ పేరు మాత్రం రాయను. ఇందులో తిట్లు కాస్త ఎక్కువున్నాయి, పైగా మా తమ్ముడు వాడే వేరే యాప్‌లోనూ ఈ తిప్పలు కొన్ని చూశాను.

మాది తెనాలి. ఫ్యాన్సీ షాపు. గాజులు, బొట్టుబిళ్లలు, క్లిప్పులు, రోల్డ్ గోల్డ్ గొలుసులు. గాజులు అమ్ముకునే మనిషికి క్రిప్టో ఎందుకని మీకు అనిపిస్తే తప్పు లేదు, ఆర్టీసీలో కండక్టర్ చేసే మా ఆయనకీ అదే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తూనే ఉంది. 2021లో ఊరంతా అదే మాట. బెంగళూరులో ఉన్న మా తమ్ముడు ఊదరగొడితే, కాయిన్లు కొని అమ్మే ఎక్స్‌ఛేంజ్‌లో అకౌంట్ తెరిచి, చీటీ డబ్బుల్లోంచి కొంత పెట్టాను. కొంచెం బిట్‌కాయిన్, కొంచెం డోజ్, కొంచెం మ్యాటిక్, సరదాకి షిబా. పోతే పోనీ అనుకున్న డబ్బే.

2024 జూలైలో మన దేశంలోనే ఒక పెద్ద ఎక్స్‌ఛేంజ్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు ఎవరో కొట్టేశారని వార్త వచ్చింది. నాది ఆ ఎక్స్‌ఛేంజ్ కాదు. అయినా మా తమ్ముడికి నిద్ర పట్టలేదు. ఆ వారాంతం ఊరొచ్చి, కాయిన్లు ఎక్స్‌ఛేంజ్ చేతిలో కాకుండా మన చేతిలోనే ఉండాలని నా ఫోన్‌లో ఈ వాలెట్ వేసి, 12 ఇంగ్లీషు పదాలు కాగితం మీద రాయించి, “అక్కా, ఈ కాగితం పోతే నీ డబ్బు పోయినట్టే, ఫొటో కూడా తీయకు” అన్నాడు. ఆ కాగితం బీరువాలో, గోల్డ్ లోన్ రసీదుల మధ్య పెట్టాను. డోజ్, షిబా అమ్మేసి, దానికి ఇంకొంత కలిపి 240 యూఎస్‌డీటీ (ఒక్కోటి దాదాపు ఒక డాలర్ ధరలో ఉండే కాయిన్) చేశాం. షిబాని ఉన్నదున్నట్టు వాలెట్‌కి పంపుదామంటే, అది నడిచే ఈథీరియం నెట్‌వర్క్ (నెట్‌వర్క్ అంటే కాయిన్ల లెక్కలు రాసే పుస్తకం అనుకోండి) ఫీజు నా షిబాల ఖరీదు కంటే ఎక్కువ అవుతుందట! బిట్‌కాయిన్, మ్యాటిక్ మాత్రం అలాగే వచ్చాయి. యూఎస్‌డీటీని ఫీజు తక్కువని ట్రాన్ నెట్‌వర్క్ మీద పంపాడు. ఈ ఆఖరి ముక్క గుర్తుపెట్టుకోండి, కథంతా దాని మీదే నడుస్తుంది.

ఇక యాప్. తెరవగానే పైన మొత్తం విలువ, కింద వరసలు. నాకున్నవి నాలుగు రకాలైతే కనిపించేవి పదకొండు. మిగతావన్నీ సున్నాలు. నేను అమ్మేసిన షిబా కూడా కుక్కబొమ్మ వేసుకుని సున్నాతో కూర్చుంది. పొద్దున్నే షట్టర్ తీసి, అగరొత్తులు వెలిగించి, ఫోన్ తీస్తే వరసగా సున్నాలు. నాకు చిర్రెత్తుకొచ్చేది. యాప్ వేసిన రోజే ఇవి తీసెయ్యమని తమ్ముణ్ణి అడగాల్సింది, తోచలేదు.

కుడివైపు పైమూలన రెండు గీతలు, వాటి మీద చుక్కలు ఉన్న చిన్న గుర్తుంటుంది. అది ఫిల్టర్ అనుకుని వారం రోజులు ముట్టుకోలేదు. అదే ఈ పేజీకి దారి. లోపలికెళితే పైన వెతుక్కునే పెట్టె, దాని కింద నెట్‌వర్క్‌ల పేర్లు, ఆ కింద బారెడు జాబితా. ఒక్కో పేరు పక్కన ఒక స్విచ్. ఆన్ చేస్తే మొదటి స్క్రీన్‌లో వరస వస్తుంది, ఆఫ్ చేస్తే పోతుంది. అంతే. సేవ్ నొక్కక్కర్లేదు, పాస్‌వర్డ్ అడగదు, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. మా కౌంటర్ దగ్గర సిగ్నల్ ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి దీనికి మాత్రం మనస్ఫూర్తిగా ఒక స్టారు. ఏడు సున్నాలనీ రెండు నిమిషాల్లో దాచేశాను. స్క్రీన్ కడిగిన గిన్నెలా మెరిసింది.

ఆ ఊపులో ట్రాన్ వరస కూడా ఆఫ్ చేశాను. యూఎస్‌డీటీ కాదు, దాని పక్కన ఉండే ట్రాన్ అనే కాయిన్. ఎందుకొచ్చిందో తెలియకుండా కొంచెం పడి ఉంటే, ఇదీ చెత్తే అనుకున్నాను. వారం తర్వాత మా వాడికి 20 యూఎస్‌డీటీ తిరిగి పంపాల్సి వచ్చింది. ఫోన్‌లో వాడు “ట్రాన్ ఎంతుందో చూడు, ఫీజు దాంట్లోంచే పోవాలి” అన్నాడు. నాకు గుండె ఝల్లుమంది. “తీసేశాను రా” అన్నాను. వాడు పకపకా నవ్వి “నువ్వు తీసింది వరసని అక్కా, ట్రాన్‌ని కాదు. పంపి చూడు” అన్నాడు. పంపాను. వెళ్లింది. కనిపించని ట్రాన్‌లోంచే ఫీజు కట్ అయింది. స్విచ్ ఆన్ చేసి చూస్తే ట్రాన్ ఆ మేరకు తగ్గి ఉంది.

ఈ పేజీ అసలు చేసే పని ఏంటో నాకు తెలిసింది ఆ రోజే. కాయిన్లు ఉండేది ఫోన్‌లో కాదు, ఆయా నెట్‌వర్క్‌ల లెక్కల్లో, మన అడ్రస్ పేరు మీద. యాప్ ఆ లెక్క చదివి మనకి చూపిస్తుంది, మన తరఫున సంతకం పెడుతుంది. స్విచ్ ఆఫ్ చేస్తే చూపించడం మానేస్తుంది, అంతవరకే. షాపు భాషలో చెప్పాలంటే ర్యాక్ మీంచి పెట్టె తీసి లోపల పెట్టినట్టు. సరుకు గోడౌన్‌లోనే ఉంటుంది. ఈ ముక్కని ఆ పేజీలో ఒక్క లైను రాసి ఉండొచ్చుగా! “దాచినంత మాత్రాన మీ డబ్బు ఎక్కడికీ పోదు” అని. రాయలేదు. పైగా నా యాప్‌లో ఇంకో చిక్కుంది: బ్యాలెన్స్ ఉన్న వరస ఆఫ్ చేస్తే పైన కనిపించే మొత్తంలోంచి కూడా అది తగ్గిపోతుంది. హెచ్చరిక రాదు, అడగడం ఉండదు. ఒకసారి జాబితాని పైకి తోస్తుంటే వేలు తగిలి బిట్‌కాయిన్ స్విచ్ ఆఫ్ అయింది. మొదటి స్క్రీన్‌కి వచ్చి మొత్తం చూసేసరికి కాళ్లలో వణుకు. ఒక స్టారు అక్కడే కోసేశాను.

అసలు కథ శ్రావణమాసంలో జరిగింది. వరలక్ష్మీ వ్రతం ముందురోజు, షాపులో కాలు పెట్టే చోటు లేదు. తాంబూలంలో పెట్టడానికి డజన్ల లెక్కన గాజులు తీసుకెళ్లేవాళ్లు, గాజుల్తో పాటు పసుపు కుంకుమ ప్యాకెట్లు అడిగేవాళ్లు. ఆ రద్దీలో ఎవరి చెయ్యి తగిలిందో, ఫోన్ కౌంటర్ మీంచి నాపరాళ్ల మీద బోర్లా పడింది. డిస్‌ప్లే పోయింది. రిపేరు ఖరీదు విన్నాక కొత్తదే నయమనిపించి ఆ సాయంత్రమే కొన్నాను. రాత్రి పదకొండుకి ఇంటికొచ్చి, బీరువాలోంచి కాగితం తీసి, యాప్ వేసి, 12 పదాలూ టైపు చేశాను. ఆ పదాలు ఉండే జాబితాలో మొత్తం 2048 మాటలే ఉంటాయట, ఏ రెండు మాటలకీ మొదటి నాలుగు అక్షరాలు ఒకటి కావట. అందుకే నాలుగు అక్షరాలు కొట్టగానే మాట అదే వచ్చేస్తుంది. చక్కగా ఉంది. అన్నీ సరిగ్గా పడ్డాయి, వాలెట్ తెరుచుకుంది.

బిట్‌కాయిన్ వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపు చూశాను, మిగతావి లేవు. ఈథీరియం సున్నా, బీఎన్‌బీ సున్నా, సొలానా సున్నా. యూఎస్‌డీటీ వరసే లేదు. మ్యాటిక్ లేదు.

సరే, మనకి తెలిసిన పేజీయే కదా అని రెండు గీతల గుర్తు నొక్కి, వెతుక్కునే పెట్టెలో యూఎస్‌డీటీ అని కొట్టాను. మొదట వచ్చినదాన్ని ఆన్ చేసి బయటికొచ్చాను. వరస వచ్చింది. పచ్చటి గుండ్రం బొమ్మ, లోపల తెల్లటి ‘టీ’. అదే బొమ్మ, అదే పేరు. దాని ఎదురుగా సున్నా.

వరస లేకపోవడం కంటే ఇది ఘోరం. లేకపోతే ఎక్కడో ఉందిలే అనుకోవచ్చు. ఉండి సున్నా చూపిస్తే పోయిందనే కదా అర్థం. 220 యూఎస్‌డీటీ, అప్పటికి మన డబ్బుల్లో పద్దెనిమిది వేల పైమాటే. రాత్రి పన్నెండు కావస్తోంది. మా ఆయన గురక. ఇంటర్నెట్‌లో ఆ యాప్ కస్టమర్ కేర్ నంబర్ అని వెతికాను. ఒక నంబర్ దొరికింది. డయల్ చేయబోయి, ఎందుకో ముందు తమ్ముడికి చేశాను. ఆ బుద్ధి ఆ రాత్రి ఎలా పుట్టిందో గానీ, చేసిన మంచిపని అదొక్కటే. “అక్కా, ఆ యాప్‌కి ఫోన్ నంబరే లేదు. నువ్వు ఫోన్ చేస్తే వాడు ముందు అడిగేది నీ 12 పదాలే” అని అరిచాడు.

తర్వాత నెమ్మదిగా అడిగాడు. “ఆ పచ్చబొమ్మ కింద మూలన చిన్న గుర్తుందా?”

“ఉంది.”

“ఏ రంగు?”

కళ్లజోడు పెట్టుకుని చూశాను. “నీలం లాంటిది. ముగ్గులో చుక్కలా, వజ్రంలా ఉంది.”

“అది ఈథీరియం. నీకు కావాల్సింది ఎర్రది. మళ్లీ లోపలికెళ్లి నెట్‌వర్క్ దగ్గర ట్రాన్ నొక్కి వెతుకు.”

వెతికాను. అదే పేరు, అదే పచ్చబొమ్మ, కింద మిరపగింజంత ఎర్రగుర్తు. ఆన్ చేశాను. రెండు మూడు సెకన్లు తిరిగింది. 220 వచ్చింది. ఈలోపు వాడు ఎక్స్‌ఛేంజ్‌లోంచి మేం పంపిన రికార్డు తెరిచి, ‘టీ’తో మొదలయ్యే నా అడ్రస్‌ని ట్రాన్‌స్కాన్‌లో (ట్రాన్ లెక్కలు ఎవరైనా చూడగలిగే వెబ్‌సైట్) వేసి స్క్రీన్‌షాట్ కూడా పంపాడు. అందులోనూ 220. నేను చెమటలు కక్కిన ఆ ముప్పావుగంటలో కూడా అవి అక్కడే కదలకుండా ఉన్నాయన్నమాట.

మా గాజుల స్టాండు దగ్గర రోజూ ఇదే గొడవ. ఒకే డిజైను, ఒకే రంగు, ఒకే మెరుపు. కానీ టూ ఫోర్ వేరు, టూ సిక్స్ వేరు, టూ ఎయిట్ వేరు. పైకి తేడా తెలియదు, చెయ్యి పెడితే తెలుస్తుంది. అందుకే ఒక్కో సైజుకి ఒక్కో కడ్డీ పెట్టి, పైన పెద్ద అంకెలతో స్టిక్కర్ అంటిస్తాం. పదో తరగతి తప్పి మా దగ్గర చేరిన కుర్రాడు కూడా మొదటిరోజే నేర్చుకునే పని ఇది. యూఎస్‌డీటీ కూడా అంతే. ఈథీరియం మీదొకటి, ట్రాన్ మీదొకటి, బీఎన్‌బీ చైన్ మీదొకటి, సొలానా మీదొకటి. పేరు ఒకటే, ధర ఒకటే, సైజు వేరు. ఈ పేజీలో వెతికితే అవన్నీ ఒకదాని కింద ఒకటి ఒకే బొమ్మతో వస్తాయి. తేడా చెప్పే స్టిక్కర్ మాత్రం మిరపగింజంత. నలభై దాటిన కళ్లకి అది కనిపించేదెలా? నెట్‌వర్క్ పేరు అక్షరాల్లో ఉంది, కాదనను. బూడిదరంగులో, చీమతల సైజులో.

మరి 12 పదాలు సరిగ్గా ఇచ్చినా వరసలెందుకు రాలేదు? ఇది మా వాడు మర్నాడు తీరిగ్గా చెప్పాడు. ఆ పదాల్లోంచి లెక్క కట్టి అన్ని నెట్‌వర్క్‌ల అడ్రస్‌లూ పుట్టిస్తుంది యాప్. ఒక్కోదానికి ఒక్కో నంబరుంది: బిట్‌కాయిన్‌కి 0, ఈథీరియంకి 60, ట్రాన్‌కి 195. అందుకే కాగితం ఒకటే అయినా తాళాలన్నీ తెరుచుకుంటాయి. కానీ నేను ఏ వరస ఆన్ చేశాను, ఏది ఆఫ్ చేశాను అనేది ఆ పదాల్లో ఉండదు. అది పాత ఫోన్‌లో ఉండిపోయింది. కొత్త కుర్రాడి చేతికి గోడౌన్ తాళంచెవి ఇచ్చినంత మాత్రాన ర్యాక్ మీద ఏది ఎక్కడ సర్దానో వాడికి తెలిసిపోతుందా? కొన్ని వాలెట్లు బ్యాలెన్స్ ఉన్నవాటిని వాటంతటవే వెతికి వరసలు పెడతాయి. మెటామాస్క్‌లో టోకెన్లని దానంతటదే కనిపెట్టే ఆప్షన్ ఉంది, సున్నా బ్యాలెన్స్ ఉన్నవాటిని ఒక్క దెబ్బతో దాచే ఆప్షన్ విడిగా ఉంది. నా యాప్‌లో ఆ రెండోది లేదు. మొదటిది ఉన్నట్టే ఉంటుంది గానీ, ఆ రాత్రి నాకు పనికిరాలేదు.

అప్పట్నుంచి ఖాతాల పుస్తకం వెనక అట్ట లోపల నాలుగు లైన్లు రాసుకున్నాను: బిట్‌కాయిన్, బిట్‌కాయిన్ నెట్‌వర్క్. యూఎస్‌డీటీ, ట్రాన్ నెట్‌వర్క్. ట్రాన్, ఫీజు కోసం. పోల్, పాలిగాన్. ఇది రహస్యమేం కాదు కాబట్టి బీరువాలో దాచక్కర్లేదు. యాప్ చేయాల్సిన పని అట్ట చేస్తోంది.

పోల్ అన్నాను కదా, అదేంటంటే మ్యాటిక్కే. మన దేశపు కుర్రాళ్లు మొదలుపెట్టిన పాలిగాన్‌లో 2024 సెప్టెంబరులో మ్యాటిక్‌ని పోల్‌గా మార్చారు, ఒకటికి ఒకటి లెక్కన. పాలిగాన్ నెట్‌వర్క్ మీద ఉన్నవాళ్లకి దానంతటదే మారిపోయింది, ఈథీరియం మీద పెట్టుకున్నవాళ్లు మాత్రం మార్చుకోవాలి. ఇప్పటికీ ఈ పేజీలో మ్యాటిక్ అని వెతికితే ఈథీరియం మీది పాత వరస వస్తుంది, ఆన్ చేస్తే నాకు సున్నా. “పేరు మారింది, పోల్ చూడండి” అన్న ముక్క ఎక్కడా లేదు. వీధిపేరు మారిస్తే కొన్నాళ్లపాటు పాతపేరు కూడా బోర్డు మీద రాస్తారు కదా, ఆపాటి ఇంగితం.

ఇక నవ్వొచ్చే భాగం. ఒక ఆదివారం మా ఆయన నా ఫోన్ తీసుకుని క్రికెట్ స్కోరు చూడబోయి ఈ యాప్ తెరిచారు. వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి, “ఏమే, నలభై ఒక్క లక్షలున్నాయి ఇందులో, చెప్పలేదేం?” అన్నారు. చూస్తే కొత్త వరసొకటి. పేరు స్థానంలో ఏదో వెబ్‌సైట్ అడ్రసు, పక్కన ‘క్లెయిమ్’ అన్న మాట. దాని ఎదురుగా 412,000.00 అని ఉంది. ఈ యాప్‌కి లక్షలు, కోట్లు తెలియవు, మూడేసి అంకెలకి కామా పెడుతుంది. ఆ కామా దగ్గర ఆయన లెక్క తప్పి నాలుగు లక్షలు కాస్తా నలభై ఒకటయ్యాయి. తెలుగు లేకపోతే పోయె, రూపాయిల్లో చూపిస్తూ కామా మాత్రం అమెరికాలో పెడితే ఎలాగండీ?

నేను అడగలేదు, కొనలేదు. ఎవరో పంపారు. మన అడ్రస్ తెలిస్తే చాలు, ఎవరైనా ఏ టోకెనైనా పంపొచ్చు, మనం వద్దనడానికి ఉండదు. మా వాడు దీనికో కథ చెప్పాడు. షిబా పుట్టించినవాళ్లు మొత్తం షిబాల్లో సగాన్ని ఈథీరియం మొదలుపెట్టిన విటాలిక్ బుటెరిన్ అడ్రస్‌కి పంపేశారట, ఆయన అడగకుండానే. 2021 మే నెలలో, మన దగ్గర కోవిడ్ రెండో వేవ్‌లో ఆక్సిజన్ కోసం జనం అల్లాడుతున్నప్పుడు, ఆయన అందులోంచి 50 లక్షల కోట్ల షిబాలు భారత కోవిడ్ సహాయ నిధికి ఇచ్చేశాడు. ఆ రోజు ధరకి అది సుమారు 100 కోట్ల డాలర్లు. మిగిలినదాంట్లో చాలా భాగం ఎవరికీ దక్కకుండా కాల్చేశాడు. అడక్కుండా వచ్చి పడినవాటిలో అలా మంచికి పనికొచ్చినవి నాకు తెలిసి అవే. నాకొచ్చింది మాత్రం గాలం. టోకెన్ పుట్టించినవాళ్లే తమలో తాము ఒక ధర పెట్టుకుని నాలుగు లావాదేవీలు చూపిస్తే, యాప్ ఆ ధరతోనే గుణించి నాలుగు లక్షలని చూపిస్తుంది. ఆశపడి ఆ వెబ్‌సైట్‌కెళ్లి వాలెట్ కలిపి, వచ్చినదానికల్లా ఓకే కొట్టామా, మన దగ్గరున్న అసలువి ఊడ్చుకుపోతారు.

మా ఆయనకిది చెప్తే, “అయితే ముట్టుకోకుండా అలా ఉంచుదాం, చూడ్డానికి బాగుంది” అన్నారు. నేను వరస మీద వేలు నొక్కిపట్టి ‘హైడ్’ చేశాను. ఇక్కడ యాప్ పనితనం పర్వాలేదు. మన అనుమానం వాళ్లకి రిపోర్ట్ చేసే బటనూ ఇచ్చింది. కానీ దాచినవన్నీ మళ్లీ ఒకే జాబితాలో పడతాయి. నేను కావాలని దాచిన మంచివీ, ఈ దొంగదీ పక్కపక్కనే, ఒకే రకం స్విచ్‌తో. పాడైన సరుకునీ, సీజన్ కాదని లోపల పెట్టిన సరుకునీ ఒకే అట్టపెట్టెలో వేసే షాపుని నేనైతే చూడలేదు.

జాబితాలో లేని టోకెన్‌ని మనమే కలుపుకునే సదుపాయం కూడా ఇదే పేజీలో, అట్టడుగున ఉంది. నెట్‌వర్క్ ఎంచుకుని, కాంట్రాక్ట్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ టోకెన్‌కి ఉండే సొంత అడ్రస్) అతికిస్తే పేరు, గుర్తు, దశాంశాలు (చుక్క తర్వాత ఎన్ని అంకెలో) అదే నింపుకుంటుంది. నాకు అవసరం పడలేదు, తమ్ముడు చేస్తుంటే చూశాను. వాడు పేరుతో వెతకడు, ఆ టోకెన్ సొంత వెబ్‌సైట్‌లోంచి కాంట్రాక్ట్ అడ్రస్ తెచ్చి అతికిస్తాడు. ఎందుకంటే యూఎస్‌డీటీ అని పేరు పెట్టి ఎవడైనా టోకెన్ పుట్టించొచ్చు, నెట్‌వర్క్ ఆ పేరుని ఆపదు. దశాంశాల సంగతి కూడా వింతే. యూఎస్‌డీటీకి ఈథీరియం మీదా ట్రాన్ మీదా 6, బీఎన్‌బీ చైన్ మీద 18. అది తప్పుపడితే అంకె కొండంతో ఆవగింజంతో కనిపిస్తుంది, అసలు బ్యాలెన్స్ మాత్రం మారదు.

ఆడిటర్ గారి దగ్గర కూడా ఈ పేజీ నన్ను ఇబ్బందిపెట్టింది. ఇన్నాళ్లూ షాపుకి ఐటీఆర్ 4 వేసేదాన్ని. డోజ్, షిబా అమ్మాను కాబట్టి ఈసారి ఐటీఆర్ 3 వేయాలన్నారు, అందులో వీటికి వీడీఏ (వర్చువల్ డిజిటల్ అసెట్స్) అని వేరే షెడ్యూలుంది. డోజ్ మీద వచ్చిన లాభానికి 30 శాతం పన్ను, షిబాలో వచ్చిన నష్టాన్ని అందులోంచి తీసెయ్యడానికి లేదు. 2022 ఏప్రిల్ నుంచి రూల్ అదేనట. ఆ జూలై నుంచి అమ్మినప్పుడు 1 శాతం టీడీఎస్ కూడా. ఆయన ఫీజు సంగతి సరేసరి. చివర్లో “ఇంకా చేతిలో ఏమున్నాయమ్మా, జాబితా ఇవ్వండి” అన్నారు. యాప్ తీశాను. అది ఆన్‌లో ఉన్న వరసలనే చూపిస్తుంది, దాచినవాటిని కూడా కలిపి ఒక్క కాగితం మీదకి తెచ్చే దారి లేదు. మళ్లీ అన్ని స్విచ్‌లూ ఆన్ చేసి, ఒక్కోటి చూసి, చేత్తో రాసిచ్చాను. ఫోన్‌లో దాచాను కాబట్టి లెక్కలో లేనట్టే అనుకునేవాళ్లు మా బజార్లోనే ఇద్దరున్నారు, వాళ్ల కోసం కూడా ఈ ముక్క రాశాను.

ఇంకో చిన్న కోరిక. వరసల్ని మన ఇష్టప్రకారం పైకీ కిందకీ జరుపుకోనివ్వదు. విలువ ఎక్కువున్నది పైన, తక్కువున్నది కింద, అంతే. నాకు యూఎస్‌డీటీ, దాని ఫీజుకి వాడే ట్రాన్ పక్కపక్కన ఉంటే బాగుంటుంది. ఇప్పుడవి చెరో కొసన ఉన్నాయి.

ఇక స్టార్ల లెక్క చెప్పాలి కదా. స్విచ్ వేగానికి ఒకటి, వెతుకులాటకి ఒకటి, రిపోర్ట్ బటన్‌కి ఒకటి. బ్యాలెన్స్ ఉన్న వరస ఆఫ్ చేసేటప్పుడు “ఇందులో డబ్బుంది, దాచమంటారా” అని ఒక్కసారి అడిగితే నాలుగు చేస్తాను. ఆ ఎర్రగుర్తుని కాస్త పెంచితే మిగిలింది కూడా ఇస్తాను.

మొన్న మా ఆయన డ్యూటీ దిగొచ్చి, అన్నం తింటూ “ఆ నాలుగు లక్షలు ఇంకా ఉన్నాయా?” అన్నారు. నవ్వు ఆపుకుని స్విచ్ ఆన్ చేసి చూపించాను. 37 రూపాయలు చూపిస్తోంది. “పోన్లే, ఇద్దరికీ టీకి వస్తాయి” అని పెరుగు కలుపుకున్నారు. అవి కూడా రావని చెప్పలేదు. ఆఫ్ చేసి ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టాను.